సిగరెట్ పట్టుకుంటే ఎత్తు కనపడదు

రాజమండ్రిలో నేనుంటున్న వాటాకు ఎదురుగా ఒక నర్సింగ్ కాలేజీ హాస్టలుంది. గల్ఫ్ వెళ్ళాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు వచ్చి నన్ను కదిపిపోతుంటారు. వాళ్ళడిగేవన్నీ ఆసుపత్రుల గురించే. ఏ వార్డులో పని తేలిక, అరబ్బీ ఎంత రావాలి, రాత్రి డ్యూటీలు ఎలా ఉంటాయి. నేను బహ్రెయిన్‌లో చివరి పదేళ్ళకు పైగా స్కూల్లో నర్సుగా చేశానంటే వాళ్ళ మొహాల్లో ఉత్సాహం తగ్గిపోతుంది. "స్కూల్లో ఏముంటుంది మేడం, మోకాళ్ళకు దూది అద్దడమేగా" అంది మొన్న ఒకమ్మాయి.

నిజానికి చాలా రోజులు అదే పని. దూది, గ్లూకోజు, కడుపునొప్పి అని అబద్ధమాడే లెక్కల పీరియడు పిల్లలు. అంతకుముందు ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో ఎన్నో చావులు చూశాను, ఎన్నో గట్టెక్కడాలు చూశాను. అయినా ఇప్పుడు ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు మనసులోకి వచ్చేది ఆ స్కూలు సిక్‌రూమే, అక్కడికి దగ్గుతూ వచ్చిన ఒక అబ్బాయే. అతని సంగతి చెప్తాను. మీరు ఆసుపత్రికి వెళ్ళినా, స్కూలుకి వెళ్ళినా ఎక్కడో ఒకచోట అలాంటి పిల్లవాడు తగలకపోడు.

మాది మన దేశంవాళ్ళ పిల్లలు చదివే పెద్ద స్కూలు. సిక్‌రూమ్ కింది అంతస్తులో, వరండా చివర. ఒక మంచం, ఒక బీరువా, బరువు చూసే యంత్రం, ఎత్తు చూసే కొయ్య. టీచర్ల గది మరో కొసన ఉండటంతో టీ వేళకి నన్ను పిలవాలని ఎవరికీ తోచేది కాదు. పిల్లలు రాని రోజు నాతో మాట్లాడే మనిషే ఉండేవాడు కాదు. ఇల్లు మహూజ్ అనే పేటలో, ఒక పాత భవనంలో ఒంటిగది ఫ్లాటు. శుక్రవారం మా తెలుగు సహవాసంలో ప్రార్థన, ఆ తర్వాత అందరూ కలిసి భోజనం. అందరూ పిల్లల చేతులు పట్టుకుని కార్లెక్కి వెళ్ళిపోయాక నేను నడిచి ఇంటికొచ్చేదాన్ని. దాని గురించి నేను పెద్దగా బాధపడిందీ లేదు, అలవాటుపడిందీ లేదు.

ఆ అబ్బాయి పదకొండో తరగతి. చూస్తే ఏడో తరగతి అనుకుంటారు. గడ్డం మీద నూగు లేదు, గొంతు ఇంకా పిల్లగొంతే. తోటివాళ్ళంతా ఒక్క వేసవి సెలవుల్లో తాటిచెట్లలా ఎదిగొస్తే ఇతనొక్కడూ వెనకాల ఉండిపోయాడు. కొందరు పిల్లలకు ఎదుగుదల ఆలస్యంగా వస్తుంది. అది జబ్బు కాదు. ఆ వయసులో మాత్రం దాన్ని భరించడం చాలా కష్టం.

అతన్ని ఎవరూ కావాలని ఏడిపించేవారు కారు. అదే చిత్రం. అందరూ ముద్దు చేసేవారు. పీటీ మాస్టారు అతన్ని "చోటూ" అని పిలిచేవాడు, ఎంతో ప్రేమగానే. వార్షికోత్సవం నాటకంలో ఎప్పుడూ చిన్నపిల్లవాడి వేషం అతనిదే. ఆడపిల్లలు అతని బుగ్గ గిల్లిపోయేవారు. ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో పీటీ మాస్టారు ఒక్కొక్కరి ఎత్తూ పైకి చదివేవాడు. ఆ సంవత్సరం ఇతని వంతు వచ్చినప్పుడు మడమలు కొద్దిగా లేపి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నేను భుజం మీద చెయ్యి వేస్తే మెల్లగా దిగాడు. నా వైపు చూసిన చూపు మటుకు ఇప్పటికీ గుర్తుంది. దొంగతనంలో దొరికిపోయిన చూపు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు దగ్గుతో వచ్చాడు. ఛాతీలో సన్నటి పిల్లికూతలు. నోట్లో పిప్పరమెంటు, దాని కింద పొగాకు వాసన. మీరు ఎంత పిప్పరమెంటు నమిలినా చొక్కా కాలరు అబద్ధమాడదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏంది సిస్టర్?"

వాళ్ళది జగిత్యాల వైపు కుటుంబం. పుట్టింది అక్కడే అయినా పెరిగిందంతా బహ్రెయిన్‌లోనే. ఇంగ్లీషు గడగడా వచ్చినా ఇంటి మాట మాత్రం జగిత్యాలదే. నేను తెలుగులో అడిగేసరికి వెంటనే అబద్ధం చెప్పలేకపోయాడు.

"ఎక్కువ కాదు సిస్టర్. రోజుకి ఒకటి. ఒక్కోసారి రెండు."

నేను అందరూ చెప్పేదే చెప్పాను. నీ ఊపిరితిత్తులు అసలే బాగాలేవు, ఎదిగే వయసు, ఇలా ఇలా అని. అతను మర్యాదగా తల ఊపాడు. ఏడాదికోసారి ఆ ఊపు నేను కొన్ని వందల తలల మీద చూశాను. మా వైస్ ప్రిన్సిపాల్‌గారు ప్రతి ఏడూ హాల్లో ఒక ప్రదర్శన పెట్టించేవారు. నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మలు, పుండ్లు పడ్డ నోళ్ళు. పిల్లలు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగేవారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు నేను. ఆయన అన్నగారు గొంతు కాన్సర్‌తో పోయారు. పొగ మాటెత్తితే ఆయన గొంతులో వణుకొచ్చేది. కానీ మేమంతా పిల్లల ఊపిరితిత్తులతో మాట్లాడుతున్నాం. వాళ్ళు సిగరెట్ తాగేది మొహంతో.

ఆ సంగతి నాకు ఆ అబ్బాయే చెప్పాడు. మందు పీల్పించి మంచం మీద కూర్చోబెట్టాక, తలుపు దగ్గరికి వేసి ఉండటం చూసుకుని, మెల్లగా అన్నాడు.

"సిగరెట్ పట్టుకుంటే నా హైట్ ఎవ్వరు చూడరు సిస్టర్."

మొదటిది పన్నెండో తరగతి వాళ్ళు ఇచ్చారట, తమాషాకి. చిన్నపిల్లవాడు దగ్గితే చూసి నవ్వుకుందామని. ఇతను దగ్గలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా దగ్గలేదు. అందరూ చప్పట్లు కొట్టారట. ఆ రోజు నుంచి వాళ్ళు ఇతన్ని 'భాయ్' అన్నారు.

"మామూలుగ నన్ను చూస్తే బచ్చాలెక్క కనపడ్త. గది పట్టుకుంటే అద్దంల వేరేటోడు కనపడ్తడు."

"అందరూ వేప్‌లంటున్నారుగా ఇప్పుడు? మామిడి వాసన, పుచ్చకాయ వాసన" అన్నాను.

"గది పిల్లలాట సిస్టర్" అన్నాడు, నిజంగా జాలిపడుతూ. నవ్వొచ్చింది నాకు. ఆపుకున్నాను. మంచం మీద కూర్చుంటే అతని కాళ్ళు నేలకు ఆనడం లేదు.

స్కూలుకు చెప్పకుండా ముందు ఇంట్లో చెప్తానన్నాను. వద్దని బతిమాలలేదు. సిగరెట్లు ఎక్కడ దొరుకుతున్నాయని అడిగితే "ఒక అన్న తెచ్చిస్తడు" అన్నాడు. ఎవరా అన్న అంటే మాత్రం పెదవి విప్పలేదు. పద్దెనిమిది నిండని వాళ్ళకు పొగాకు అమ్మడం అక్కడ నేరం. అయినా వీధి మలుపుల్లో కోల్డ్ స్టోర్లనే చిన్న కిరాణా కొట్లుంటాయి, ఆకారం చూసి ఇచ్చేసే వాళ్ళుంటారు. అలాంటి వాళ్ళెవరో అనుకున్నాను.

వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయన మీనా సల్మాన్ ఓడరేవులో ఒక పెద్ద గోదాముకు ఇన్‌చార్జి. గలాలీలో ఇల్లు, కారు. ఎప్పుడు కనపడినా ఇస్త్రీ నలగని చొక్కా. కూలివాడిగా వచ్చి అంత పైకి వెళ్ళిన మనిషని మా సహవాసంలో ఎవరో చెప్పగా విన్నాను. ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. అబ్బాయిని ఒకసారి ఎదుగుదల చూసే డాక్టరుకి చూపించండి, ఆ దిగులు తీరితే దగ్గు సంగతి కూడా తేలుతుంది అన్నాను. సిగరెట్ మాట ఎదురుగా చెప్దామని ఒకసారి రమ్మన్నాను.

"నా కొడుక్కేం తక్కువ మేడం" అన్నాడాయన. గొంతు పెంచలేదు కానీ ఆ మాట తర్వాత ఇంక సందు లేదు. "మా ఇంట్ల అందరం గింతే ఉంటం. అయితే, టైం జూస్కొని అస్త." ఆ టైం రాలేదు.

అప్పట్లో స్కూల్లో కొత్త భవనం కడుతున్నారు. మైదానానికీ కట్టడానికీ మధ్య నీలం రేకులతో అడ్డు పెట్టారు. ఆ రేకుల అవతల నుంచి పొద్దస్తమానం సుత్తుల మోత, హిందీలో కేకలు. నవంబరు నెలలో ఒకరోజు, భోజనాల గంట తర్వాత, సెక్యూరిటీ గార్డు ఒక పనివాణ్ణీ ఈ అబ్బాయినీ కలిపి పట్టుకున్నాడు. రేకుల సందులోంచి సిగరెట్ ప్యాకెట్టు ఇటు ఇస్తుండగా.

నన్ను పిలిపించింది నర్సుగా కాదు. ఆ పనివాడికి హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలు రాదు. స్కూల్లో తెలుగు బాగా తెలిసింది నాకని ఎవరో వైస్ ప్రిన్సిపాల్‌గారికి చెప్పారు. పదేళ్ళలో ఆయన గదికి నన్ను రమ్మన్నది అదే మొదటిసారి.

నేను వెళ్ళేసరికి గది నిండుగా ఉంది. బల్ల వెనక వైస్ ప్రిన్సిపాల్‌గారు. ఒక పక్క కుర్చీలో అబ్బాయి వాళ్ళ నాన్న, కబురందగానే వచ్చేశాడు. ఆయన పక్కన అబ్బాయి నిలబడి ఉన్నాడు. గోడవారగా పన్నెండో తరగతి కుర్రాళ్ళు, ఇతన్ని 'భాయ్' అని పిలిచిన వాళ్ళే. అప్పటికే వాళ్ళు మాకేమీ తెలియదనేశారు. తలుపు దగ్గర కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు, చేతిలో ఫోను తిప్పుకుంటూ. మధ్యలో ఆ పనివాడు.

నలభై దాటిన మనిషి. హెల్మెట్ రెండు చేతులతో కడుపుకి ఆనించి పట్టుకున్నాడు. సిమెంటు బూట్లతో తివాచీ పాడవుతుందని బయటే విప్పి, చిరిగిన మేజోళ్ళతో నిలబడ్డాడు.

"నాకు తెలియాల్సింది ఒక్కటే" అన్నారు వైస్ ప్రిన్సిపాల్‌గారు నాతో ఇంగ్లీషులో. "పిల్లలకు సిగరెట్లు అలవాటు చేస్తున్నది ఇతనేనా? అవునంటే ఇప్పుడే పోలీసులకు ఫోన్ చేస్తాను."

"చేయండి సార్" అన్నాడు సూపర్‌వైజరు. "మా కంపెనీకి ఇలాంటివాడు అక్కర్లేదు. వీసా రద్దు చేసి పంపించేస్తాం, ఖలాస్."

నేను పనివాడి వైపు తిరిగి తెలుగులో అడిగాను. తెలుగు వినపడగానే చప్పున తలెత్తాడు.

"మీరు మనోళ్ళా అక్కా?"

"అవునండి. ముందు జరిగింది చెప్పండి. ఈ అబ్బాయికి సిగరెట్లు మీరే అలవాటు చేశారా అని అడుగుతున్నారు."

అతను అబ్బాయి వైపు చూశాడు. తర్వాత కుర్చీలో ఉన్న వాళ్ళ నాన్న వైపు. మళ్ళీ నా వైపు.

"పిలగాని తప్పేం లేదక్కా. నేనే పిలిచి ఇచ్చిన. అలవాటు జేసింది గూడ నేనే. గట్లనే చెప్పున్రి."

అది అబద్ధమని నాకు తెలుసు. అబ్బాయికీ తెలుసు. ఆ గదిలో తెలుగు అర్థమయ్యే నాలుగో మనిషి వాళ్ళ నాన్న. ఆయన భుజాలు ఒక్కసారిగా వదులయ్యాయి. పిల్లవాడి మీద మచ్చ తొలగిపోయింది. ఆయన తల వంచుకుని మోకాలి మీది దుమ్ము దులుపుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ దుమ్మేమీ లేదు.

"ఏమంటాడు?" అన్నారు వైస్ ప్రిన్సిపాల్‌గారు.

నేను మూడు ముక్కలు ఇంగ్లీషులో చెప్తే అయిపోతుంది. నా పని అదే, అందుకే పిలిచారు. ఆ మూడు ముక్కలతో ఆ మనిషి సాయంత్రానికి పోలీస్ స్టేషన్లో ఉంటాడు. మరి నేను అబద్ధమని చెప్దామా అంటే, అబ్బాయి నమ్మి చెప్పిన సంగతిని అందరి ముందూ నేను విప్పినట్టవుతుంది. నా నోటితో చెప్పాల్సిన మాట కాదది.

"ఒక్క నిమిషం సార్, ఇంకొకర్ని అడగాలి" అన్నాను. అబ్బాయి వైపు తిరిగాను.

"ఆయన అన్నది విన్నావు కదా నాన్నా. నేనిది సార్‌కి చెప్పానంటే ఆయన్ని పోలీసులకు అప్పజెప్తారు. తర్వాత ఇంటికి పంపేస్తారు. చెప్పమంటావా?"

"మేడం" అన్నాడు తండ్రి, తల ఎత్తకుండానే. "ఆయన చెప్పింది మీరు చెప్పున్రి, చాలు. మావోన్ని నడుమకు ఎందుకు గుంజుతరు."

అబ్బాయిని చూస్తూ నిలబడ్డాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. గోడవార కుర్రాళ్ళలో ఒకడు కళ్ళతోనే సైగ చేశాడు, మాట్లాడకు అని. ఆ క్షణంలో ఆ పిల్లవాడి ముందు ఏముందో నాకు కనపడింది. నోరు మూసుకుంటే అతను అద్దంలో చూసుకున్న ఆ వేరేవాడిగా మిగిలిపోతాడు, పట్టుబడినా బెదరని భాయ్. నోరు విప్పితే ఏమవుతాడో కూడా అతనికి తెలుసు.

అతను ఇంగ్లీషులో మాట్లాడాడు. పిల్లగొంతు మధ్యలో రెండుసార్లు జారింది.

"సార్, ఆయన నాకు అలవాటు చేయలేదు. నేనే అడిగాను. మా నాన్న తెమ్మన్నారని అబద్ధం చెప్పి అడిగాను."

తండ్రి చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది.

"నువ్వు స్కూలు పక్క కోల్డ్ స్టోరుకే వెళ్ళొచ్చుగా? మిగతావాళ్ళంతా అక్కడే కొంటున్నారని విన్నాను" అన్నారు వైస్ ప్రిన్సిపాల్‌గారు గోడ వైపు ఒక చూపు విసిరి.

"వాళ్ళకిస్తారు సార్. వాళ్ళు పెద్దవాళ్ళలా ఉంటారు." ఊపిరి తీసుకున్నాడు. "నాకివ్వరు. నన్ను చూసి నవ్వుతారు. చాక్లెట్ కావాలా అంటారు. ఒకాయన నా తల నిమిరి, మీ అమ్మని తీసుకురా అన్నాడు. ఎన్ని షాపులు తిరిగినా అంతే. అందుకని ఈయన్ని అడిగాను."

గోడ దగ్గర ఎవరో ముక్కుతో నవ్వారు. వైస్ ప్రిన్సిపాల్‌గారు చూడగానే ఆగిపోయింది. ఆ నవ్వు అబ్బాయికి వినపడింది. అయినా అతను ఆగలేదు.

"ఆయన మంచివాడు సార్. తప్పు నాది."

ఇంగ్లీషులో ఏం జరిగిందో పనివాడికి తెలియదు. కంగారుగా నా వైపు చూస్తున్నాడు. నేను అతనికి తెలుగులో చెప్పాను. అతను అబ్బాయిని చూసి, "ఎందుకు చెప్పినవ్ బిడ్డా" అన్నాడు.

"మరి నేనే ఇచ్చానని ఎందుకన్నాడో అడగండి" అన్నారు వైస్ ప్రిన్సిపాల్‌గారు. ఈసారి గొంతు మారింది.

అడిగాను.

"పిలగాడు సదువుకునేటోడు అక్కా. పేరు ఖరాబైతది. నాదేమున్నది, యాడున్నా బరువు మోసుడే." హెల్మెట్ అటూ ఇటూ తిప్పాడు. "మొదాలు వాళ్ళ నాయనకే అనుకున్న. తర్వాత సమజైంది. అయినా తెచ్చిచ్చిన. ఈడ సైట్ల తెలుగోడు ఎవ్వడు లేడు. పొద్దుగాల్నించి పొద్దుమీకెదాంక నాతోని మాట్లాడేటోడు ఉండడు. ఇంటికి ఫోన్ జేస్తే నా కొడుకు 'ఊ' అనుడు తప్ప ఇంకో మాట అనడు. ఈ పిలగాడు రేకుల కాడ నిలవడి, అన్నా, ఏం జేస్తున్నవ్, మీ ఊరేది, అని అడుగుతుండె. గా మాటల కోసం ఏమడిగినా తెచ్చిచ్చేటోన్ని."

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. ఒక్క ముక్క వదలకుండా. అంత కష్టపడి నేనెప్పుడూ ఏదీ తర్జుమా చెయ్యలేదు. ఎందుకంటే మధ్యలో అది ఎవరి మాటో నాకే తెలియకుండా పోయింది.

వైస్ ప్రిన్సిపాల్‌గారు బల్ల మీది ఫోను పక్కకి జరిపారు. ఆయన కుటుంబం కూడా దూరాన కేరళలోనే ఉండేది, బహ్రెయిన్‌లో ఆయన ఒక్కరే. చివరికి పోలీసుల మాట వదిలేశారు. ఆ మనిషిని వేరే సైటుకు మార్చండి, వీసా జోలికి వెళ్ళొద్దు అని సూపర్‌వైజరుకు గట్టిగా చెప్పారు. అబ్బాయిని కొన్నాళ్ళు సస్పెండ్ చేశారు. గోడవార కుర్రాళ్ళకు మందలింపుతో సరిపోయింది. నిజం చెప్పినవాడికి శిక్ష, నోరు మూసుకున్న వాళ్ళకు మందలింపు. స్కూళ్ళలో న్యాయం అలాగే ఉంటుంది, మీకూ అనుభవానికి వస్తుంది.

వరండాలో తండ్రి నా కోసం ఆగాడు. ఆ పనివాడు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. అతన్ని చూస్తూనే తండ్రి నాతో అన్నాడు.

"నాకు మొదలే సమజైంది మేడం, ఆయన అబద్ధమాడుతున్నడని. నోరు రాలే." ఆ బూట్ల వైపు చెయ్యి చూపాడు. "నేను గూడ గట్లనే వచ్చిన గల్ఫ్‌కు. గట్లనే బూట్లు బయట ఇడిసి నిలవడ్డ, ఎన్నోసార్లు."

ఆ సాయంత్రమే సిగరెట్ల సంగతీ, మునుపు ఫోన్‌లో అన్న డాక్టరు సంగతీ మొదట్నుంచి చెప్పాను. ఈసారి విన్నాడు. తర్వాత తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరు చేతి ఎముకకు ఎక్స్‌రే తీసి, ఏ లోపమూ లేదు, ఎదుగుదల ఆలస్యం అంతే, వస్తుంది అన్నాడు.

మరి మానేశాడా అని అడుగుతారు మీరు. వెంటనే మానలేదు. సస్పెన్షన్ అయి తిరిగొచ్చాక సీనియర్లు అతన్ని 'చాక్లెట్' అని పిలవడం మొదలుపెట్టారు. గదిలో జరిగిందంతా ఆ సాయంత్రానికే స్కూలంతా పాకిపోయింది. భాయ్ అన్న నోళ్ళే అవి. భోజనాల గంటలో అతనితో కూర్చునే వాళ్ళు లేకపోయారు. టిఫిన్ డబ్బా పట్టుకుని సిక్‌రూమ్‌కి వచ్చేవాడు. అతను మంచం మీద, నేను కుర్చీలో, ఎవరి డబ్బా వాళ్ళం తినేవాళ్ళం. పెద్దగా మాటలుండేవి కావు. ఒంటరివాళ్ళు ఇద్దరు ఒకచోట కూర్చున్నంత మాత్రాన ఒంటరితనం పోదు. కాకపోతే అన్నం కొంచెం దిగుతుంది.

ఒకరోజు అడిగాను, ఇంకా తాగుతున్నావా అని.

"రెండుసార్లు తాగిన సిస్టర్, ఇంటి మేడ మీద" అన్నాడు. "మంచిగ అనిపియ్యలే. చూసేటోడు ఎవ్వడు లేడు కద."

ఆ మాట విన్నాక నేను హాల్లో బొమ్మల ముందు పిల్లల్ని నిలబెట్టడం గురించీ, అందరి ముందూ ఎత్తులు చదవడం గురించీ వైస్ ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడాను. ఆయన ప్రదర్శన మానలేదు కానీ, ఎత్తులూ బరువులూ పైకి చదవడం మాత్రం ఆపించారు. పీటీ మాస్టారికి ఎందుకో అర్థం కాలేదు. "నేనేమన్నాను సిస్టర్, ప్రేమగానే పిలిచాను కదా" అన్నాడు నొచ్చుకుని. అవును, ప్రేమగానే పిలిచాడు. చెప్పి ఒప్పించలేకపోయాను.

మరుసటి ఏడాది ఆ అబ్బాయి ఎదిగాడు. డాక్టరు చెప్పినట్టే, కొన్ని నెలల్లో. గొంతు కూడా బొంగురుపోయింది. అప్పటికి అతని ఎత్తు గురించి మాట్లాడటం అందరూ మర్చిపోయారు, బహుశా అతను కూడా. ఆ దగ్గు కూడా మళ్ళీ రాలేదు.

దీనికి ముందే, అతను సస్పెన్షన్ నుంచి తిరిగొచ్చిన కొన్ని వారాలకు జరిగింది చెప్పాలి. ఒక గురువారం తండ్రి ఫోన్ చేశాడు. అబ్బాయి ఆ పనివాణ్ణి చూడాలంటున్నాడట. కంపెనీవాళ్ళని అడిగి, కూలీలుండే క్యాంపు ఎక్కడో కనుక్కున్నాడట.

"మీరు గూడ రావాలె మేడం. మేం ఇద్దరం పోతే ఏం మాట్లాడాల్నో ఎర్కలేదు."

శుక్రవారం ప్రార్థన మానేసి వెళ్ళాను. వాళ్ళమ్మ పెద్ద గిన్నెనిండా కోడికూర వండి పంపింది. ఒళ్ళో పెట్టుకున్న గిన్నె వేడి బట్టల్లోంచి తగులుతోంది. క్యాంపు గేటు దగ్గర కాపలావాడు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. మగవాళ్ళ క్యాంపు, ఆడవాళ్ళు లోపలికి వెళ్ళకూడదు. తండ్రి మొహంలో నిజమైన భయం కనపడింది.

"ఎట్ల మరి?"

"మీరు వెళ్ళండి. నేను కార్లో ఉంటాను" అన్నాను.

గేటు తెరిచే ఉంది. లోపల బట్టలారేసిన తాళ్ళు, వాటి వెనక గదుల వరస. ఒక కుర్రాడు వెళ్ళి పిలుచుకొచ్చాడు. లుంగీలో, తడితలతో వచ్చాడతను. వాళ్ళని చూసి ఆగిపోయాడు. కొంతసేపు ముగ్గురూ అలా ఎదురెదురుగా నిలబడ్డారు. పనివాడు చేతులు తుడుచుకుంటున్నాడు, తండ్రి గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. నేనుంటే మొదటి మాట ఏదో ఒకటి అందించేదాన్ని అనుకున్నాను.

అప్పుడు అబ్బాయి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. పనివాడు తల ఊపుతూ నవ్వాడు. తండ్రి కూడా ఏదో అన్నాడు. తర్వాత ముగ్గురూ గది ముందు అరుగు మీద కూర్చున్నారు. తండ్రి ఇస్త్రీ చొక్కా గోడకు ఆనించి, కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు, ఎప్పట్నుంచో అక్కడే ఉంటున్నవాడిలా. లోపల్నుంచి ఎవరో పళ్ళేలు తెచ్చారు. అద్దాలెత్తిన కారులోంచి వాళ్ళ చేతులు కదలడం, తలలు ఊగడం చూస్తూ కూర్చున్నాను. మాటకు మాట వస్తూనే ఉంది. ఎవరూ ఎవరికీ ఏదీ మార్చి చెప్పాల్సిన పని లేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఎండ తగ్గింది. అబ్బాయి వెనక సీట్లో నా పక్కన కూర్చున్నాడు.

"ముందేమన్నావు ఆయనతో?" అన్నాను.

"ఏం లేదు సిస్టర్" అన్నాడు. సీటు బెల్టు పెట్టుకుంటూ, "తిన్నవా అన్నా, అన్న. గంతే."

మహూజ్‌లో మా భవనం ముందు నన్ను దింపారు. తండ్రి దిగి, చాలా మర్యాదగా, మా ఇంటికి ఒకసారి భోజనానికి రండి మేడం అన్నాడు. వస్తానన్నాను. కారు మలుపు తిరిగేదాకా నిలబడి, లిఫ్టు పనిచెయ్యడం లేదని కాగితం అంటించి ఉంటే మెట్లెక్కాను.

ఫ్లాట్లో ఉదయం వండిన అన్నం ఉంది. వేడి చేసుకుని పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నాను. అబ్బాయి అన్న ఆ మాట నన్ను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అని ఆలోచించాను. చాలాసేపు ఆలోచించాను. తర్వాత తిన్నాను.